స్వాంగుళం – తుంటి ఎముక కొలతల కథ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రోరైలులో వెళ్ళేవారు చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అనే రెండు స్టేషన్లు దాటితే చాలు. కింద రోడ్డు వెంబడి నడిచేవారికి మాత్రం ఆ దారి పొడవునా రెండు రకాల బోర్డులు అడుగడుగునా కనిపిస్తాయి. ఒక రకం కోచింగు సెంటర్లవి. ఇంటర్మీడియటు పిల్లలు వైద్యకళాశాలలో సీటు కోసం అక్కడ జీవశాస్త్రం వల్లె వేస్తుంటారు. రెండో రకం ప్రసూతి ఆసుపత్రులవీ, స్కానింగు సెంటర్లవీ. మన శరీరంలోని ఒక ఎముక ఈ రెండు చోట్లా ప్రస్తావనకు వస్తుంది. మొదటి చోట అది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. రెండో చోట అదే ఒక తీర్పు: "అమ్మాయికి కటి ఎముక ఇరుకుగా ఉంది, మామూలు కాన్పు కష్టం."

ఇరుకు అన్నామంటే దాని వెనుక ఒక కొలత ఉండాలి. కొలత వెనుక ఒక ప్రమాణం ఉండాలి. ఆ ప్రమాణం ఎక్కడ పుట్టింది, ఎవరి ఎముకలను చూసి దానిని కట్టారు, మన దాకా ఎలా వచ్చింది అన్నవి చరిత్రకు సంబంధించిన ప్రశ్నలు. నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర చదువుకునేవాడిగా నాకు అర్థమైన మేరకు ఆ ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ ఎముకను పరిచయం చేస్తాను. తుంటి ఎముక పుట్టుకతో ఒక్కటి కాదు. ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడు ఎముకలు బాల్యంలో మృదులాస్థితో అతుక్కుని ఉండి, యౌవనంలో కలిసిపోయి ఒకటవుతాయి. ఆ మూడూ కలిసే చోటే తొడ ఎముక తల ఇమిడే గుంట. ఆ గుంట నిర్మాణంలో ఇలియం, ఇస్కియంల వాటా ఒక్కొక్కటి సుమారు అయిదింట రెండు వంతులు, ప్యూబిస్ వాటా అయిదింట ఒక వంతు. రోమనులకు ఆ గుంట భోజనపు బల్లమీది పుల్లనీటి గిన్నెలా కనిపించింది, అందుకే దానికి ఎసిటాబ్యులం అని పేరు. మనవాళ్ళకు అది రోలులా కనిపించింది. సుశ్రుతుడు కీళ్ళను ఎనిమిది రకాలుగా విభజించి, గజ్జ దగ్గరి కీలును ఉలూఖలమనే రకంలో చేర్చాడు. ఉలూఖలమంటే రోలే. మన తెలుగు జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలలోని 'శ్రోణి ఉలూఖలం' అన్న మాటలో ఆ పాత రోలే మిగిలి ఉంది.

ఈ ఎముకను చేతిలోకి తీసుకుని, అది పురుషుడిదో స్త్రీదో చెప్పడానికి శరీరనిర్మాణ శాస్త్రం నేర్పే తేలిక ఉపాయం ఒకటుంది. ఆ గుంట వ్యాసాన్ని కొలవండి. గుంట ముందు అంచు నుంచి రెండు ప్యూబిస్ ఎముకలు కలిసే చోటి దాకా ఉన్న దూరాన్ని కొలవండి. పురుషుడిలో ఈ రెండూ దాదాపు సమానం. స్త్రీలో రెండోది ఎక్కువ. గమనించండి, ఇందులో సెంటీమీటర్లతో పని లేదు. పొడుగు మనిషి ఎముకైనా పొట్టి మనిషి ఎముకైనా, దానిలోని ఒక భాగాన్ని దానిలోని మరో భాగంతోనే పోలుస్తున్నాం. 1948లో అమెరికా మానవశాస్త్రవేత్త షెర్వుడ్ వాష్‌బర్న్ ప్యూబిస్ పొడవును ఇస్కియం పొడవుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే సూచిక స్త్రీపురుష భేదాన్ని బాగా పట్టిస్తుందని చూపాడు. అదీ నిష్పత్తే. ఎముకలోని గణితమంతా ఇలాంటి నిష్పత్తుల రూపంలోనే ఉంటుంది. కొలబద్ద మీది అంకె దానికి బయటి నుంచి వచ్చినది.

ఈ భేదం మన ప్రాచీనులకు తెలియనిదేమీ కాదు. సుశ్రుతసంహిత శల్యతంత్రం ప్రకారం శరీరంలో 300 ఎముకలున్నాయని చెప్పి, శ్రోణిలో అయిదని లెక్కించింది. చరకుని లెక్క 360. నేటి లెక్క 206. లెక్క కట్టే పద్ధతులు వేరు గనుక అంకెలు కలవవు. రుడాల్ఫ్ హోర్న్‌లే అనే పండితుడు 1907లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రాచీన అస్థిగణనలను ఒక్కొక్క ఎముక చొప్పున పరిశీలించాడు.

నన్ను ఆకర్షించినది మాత్రం కొలతల విషయం. చరకుడు మనిషి ఎత్తు 84 అంగుళాలన్నాడు, కటి వెడల్పు 16 అన్నాడు. సుశ్రుతుడు ఎత్తు 120 అన్నాడు, పురుషుని కటి 18 అన్నాడు, స్త్రీ శ్రోణి వెడల్పు పురుషుని వక్షఃస్థలపు వెడల్పుతో సమానమన్నాడు. వరాహమిహిరుని బృహత్సంహితలో ప్రతిమాలక్షణం చెప్పే అధ్యాయంలో విగ్రహం ఎత్తు 108 అంగుళాలు, కటి వెడల్పు 18, చుట్టుకొలత 44. భాగించి చూస్తే చరకుని కటి ఎత్తులో అయిదో వంతుకు కాస్త తక్కువ, వరాహమిహిరునిది సరిగ్గా ఆరో వంతు, సుశ్రుతునిది ఇరవయ్యింట మూడు వంతులు. ముగ్గురికీ పొత్తు కుదరలేదు. ఎత్తును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్నదే వేరువేరుగా ఉన్నప్పుడు కుదరదు కూడా.

అయితే ఇద్దరు వైద్యులూ ఒక్క విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. ఈ అంగుళం ఏ రాజుగారి కోశాగారంలోనో భద్రపరచిన కొలమానం కాదు. ఎవరిని కొలుస్తున్నామో వారి వేలే అంగుళం. దానికే స్వాంగుళమని పేరు. పొట్టివాడి వేలు పొట్టిది, పొడుగువాడి వేలు పొడుగైనది. మనిషిని మరో మనిషితో పోల్చకుండా అతని అవయవాన్ని అతని అవయవంతోనే సరిచూసే పద్ధతి ఇది. శిల్పులూ ఇదే దారిలో విగ్రహం ఎత్తును భాగించి, ఆ భాగాన్నే అంగుళంగా వాడుకున్నారు. అరచేయెత్తు శిల్పానికీ ఆలయమంత విగ్రహానికీ ఒకే లెక్క సరిపోయింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో మదనికల నడుము ఒరుగు చూసినవారికి, ఒక కాలి మీద బరువు వేసినప్పుడు తుంటి ఎంత పైకి లేస్తుందో ఆ శిల్పులు ఎంత నిశితంగా గమనించారో తెలుస్తుంది.

ఇక్కడితో ఆగి "అన్నీ మనవాళ్ళు ముందే కనిపెట్టేశారు" అనడం నాకు సమ్మతం కాదు. చరకుడూ సుశ్రుతుడూ చెప్పిన కటి వెడల్పు పైనుంచి కనిపించే వెడల్పు. బిడ్డ బయటికి వచ్చే లోపలి దారిని వారు ఆ అంగుళాలతో కొలవలేదు. ఆ పని మొదలైంది ఐరోపాలో. అది మొదలవడానికి కారణం విషాదకరమైనది.

దారి ఇరుకై బిడ్డ అడ్డం తిరిగితే, ఆ రోజుల్లో తల్లి రోజుల తరబడి నొప్పులు పడి ప్రాణం విడిచేది. లేకపోతే తల్లిని దక్కించుకోవడానికి కడుపులో బిడ్డను ముక్కలు చేసి తీసేవారు. శస్త్రచికిత్స అంటే తల్లికి దాదాపు మరణశిక్షే. కటి ఎముకలు కాన్పు సమయంలో విడిపోతాయని పూర్వులు నమ్మగా, 16వ శతాబ్దంలో వెసాలియస్ ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. 1701లో హాలండుకు చెందిన హెండ్రిక్ వాన్ డెవెంటర్ కటి నిర్మాణాన్నీ దాని వైకల్యాలనూ ప్రసూతి దృష్టితో వివరించాడు. విలియం స్మెల్లీ 1752 నాటి తన గ్రంథంలో వేళ్ళతో లోపలి దారిని అంచనా వేసే పద్ధతిని చెప్పాడు. 18వ శతాబ్దం చివరలో పారిస్‌కు చెందిన బోడెలోక్ ఒక పెద్ద కంపాసు వంటి పరికరంతో పైనుంచి కొలిచి, అందులోంచి ఇంత తీసివేస్తే లోపలి కొలత వస్తుందన్నాడు. తరువాతి తరాలవారు ఆ లెక్క నమ్మదగినది కాదని తేల్చారు. అయినా ఆ మనుషుల మీద నాకు గౌరవమే. ఏ తల్లికి ముప్పు రాబోతోందో ముందుగా తెలుసుకోవాలన్న ఆరాటం వారిది. పాఠ్యపుస్తకాలలో నేటికీ కనిపించే అంకెలు, అంటే కటి ద్వారం అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్లు, ముందు నుంచి వెనక్కి సుమారు 11, బిడ్డ తల వెడల్పు సుమారు 9.5, ఆ ఆరాటం నుంచి పుట్టినవే.

చిక్కు తరువాతి శతాబ్దంలో వచ్చింది. ఒక నేలలోని స్త్రీలను కొలిచి తీసిన సగటును మనిషి జాతి మొత్తానికీ ఆదర్శంగా నిలబెట్టారు. 1885లో ఎడింబరో శరీరశాస్త్రవేత్త విలియం టర్నర్ కటి ద్వారం నిడివిని దాని అడ్డంతో భాగించి వందతో గుణించి ఒక సూచిక తయారుచేశాడు. 90కి తక్కువైతే ఒక తరగతి, 90 నుంచి 95 దాకా మరొకటి, 95 దాటితే ఇంకొకటి. అంతవరకు గణితమే. కానీ ఆ తరగతులను జాతులకు అంటగట్టి, వెడల్పైన ఐరోపా కటిని నాగరికతకు గుర్తుగానూ, నిడుపైన కటిని కోతులకు దగ్గరి గుర్తుగానూ చదివే అలవాటు ఆ కాలపు పండితులలో బలంగా ఉండేది. 1933లో న్యూయార్కులో కాల్డ్‌వెల్, మోలోయ్ అనే వైద్యులు స్త్రీల కటిని నాలుగు రకాలుగా విభజించారు. అందులో ఒకదానికి 'స్త్రీ సహజమైనది' అన్న అర్థం వచ్చే పేరు, మరొకదానికి 'మగ లక్షణం కలది' అన్న పేరు, ఇంకొకదానికి 'వానరాన్ని పోలినది' అన్న పేరు పెట్టారు. ప్రసూతిశాస్త్ర విద్యార్థులు నేటికీ ఆ పేర్లే చదువుతున్నారు.

కటి ఆకారం జాతిలో ఉందా, జీవితంలో ఉందా అన్న ప్రశ్నకు మన దేశంలోనే ఒక గట్టి సమాధానం దొరికింది. కశ్మీరులో పనిచేసిన కాథ్లీన్ వాన్ అనే వైద్యురాలు 1928లో పరదా పద్ధతి మాతృత్వం మీద చూపే ప్రభావం గురించి ఒక పుస్తకం ప్రచురించింది. ఎండ తగలని జనానాలలో పెరిగిన సంపన్న స్త్రీల ఎముకలు మెత్తబడి, శరీరపు బరువుకు కటి లోపలికి నొక్కుకుపోయి, కాన్పులు ప్రాణాంతకమయ్యేవి. అదే ఊళ్ళో పడవల మీద బతుకుతూ రోజంతా ఎండలో పనిచేసే పేద స్త్రీలకు ఆ బాధ లేదు. ఇద్దరిదీ ఒకే నేల. తేడా సూర్యకాంతిది. ఎండకూ ఎముక పుష్టికీ నడుమనున్న విటమిన్ డి సంగతి 1920ల నాటి పరిశోధనలతోనే వెలుగులోకి వచ్చింది.

హైదరాబాదు కూడా పరదా నగరమే. 1906లో వేల్స్ యువరాణి శంకుస్థాపన చేసిన విక్టోరియా జనానా ఆసుపత్రి పేరులోనే ఆ సంగతి ఉంది. మగవైద్యుని ఎదుటికి రాని స్త్రీల కోసం వెలసిన ఆసుపత్రి అది. అదే రాణి స్మారకంగా సరూర్‌నగర్‌లో అనాథాశ్రమం ఏర్పడింది. మన మెట్రో స్టేషనుకు విక్టోరియా మెమోరియల్ అన్న పేరు ఆ ఆశ్రమం వల్లనే వచ్చింది. రోజూ ఆ పేరు వినే వేలాది ప్రయాణికులలో, రాణిగారి పేర ఊరికి ఆ మూల ఒక ప్రసూతి ఆసుపత్రి కూడా వెలిసిందని తలచుకునేవారు ఎందరుంటారో!

ఎల్.బి.నగర్ కూడలి నుంచి చీలే విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు రెండూ నల్లగొండ జిల్లాకే చేరతాయి. అక్కడి ఎముకల కథ ఎండది కాదు, నీటిది. తాగునీటిలోని ఫ్లోరైడు ఎముకలలో చేరి వాటిని గట్టిపరచి పెళుసు చేస్తుంది. ఎక్స్-రేలో ఆ మార్పు ముందుగా కనిపించేది వెన్నులోనూ కటిలోనూ. మన దేశంలో ఈ వ్యాధిని మొదట వర్ణించినది కూడా తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాశారు. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్‌తో పాటు మోకాళ్ళు లోపలికి ఒరిగిపోయే వైకల్యాన్ని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ప్రపంచం దృష్టికి తెచ్చారు. ఎండ, నీరు, తిండి. ఎముక ఆకారాన్ని మలిచే చేతులలో ఇవి ముఖ్యమైనవి.

వయసు కూడా అలాంటిదే. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఆడపిల్లల కటి మగపిల్లల కటికి భిన్నమైన దారి పట్టేది యౌవనారంభంలోనే. ఆ తరువాత పాతికా ముప్పై ఏళ్ళ దాకా విశాలమవుతూ పోయి, నలభై ప్రాంతంలో మళ్ళీ కొంత ఇరుకవుతుంది. రజస్వల కాగానే కాపురానికి పంపిన రోజులలో మన ముత్తవ్వలు ఇంకా పూర్తికాని ఎముకలతో కాన్పులు మోశారన్నమాట. బాల్యవివాహాల మీద వీరేశలింగం గారి తరం చేసిన పోరాటాన్ని మనం నీతి దృష్టితో చదువుతాం. దాన్ని ఎముకల దృష్టితోనూ చదవవచ్చు.

ఈ కొలతల చరిత్రలో ఒక విడ్డూరం కూడా ఉంది. 1985లో భారత ప్రభుత్వం మానవ అస్థిపంజరాల ఎగుమతిని నిషేధించేదాకా, ప్రపంచంలోని వైద్యకళాశాలలకు ఎముకలు సరఫరా చేసిన ప్రధాన దేశం మనదే. ఆ వ్యాపారానికి కేంద్రం కలకత్తా. లండనులోనో షికాగోలోనో తరగతి గదిలో విద్యార్థి చేతిలోకి తీసుకున్న తుంటి ఎముక, దహనానికి కూడా నోచుకోని మన దేశపు పేదవాడిది కావడం మామూలే. పక్కన తెరిచి ఉన్న పుస్తకంలోని ప్రసూతి అంకెలు మాత్రం ఐరోపా అమెరికాల ఆసుపత్రులవి. మనం ఎముకలు పంపాం, ప్రమాణాలు దిగుమతి చేసుకున్నాం. ఇక్కడి వైద్యవిద్యార్థులు సీనియర్ల దగ్గర కొనుక్కునే పాత ఎముకల సెట్టు పక్కనా ఆ ప్రమాణాల పుస్తకమే ఉంటుంది.

ఇటీవలి పరిశోధన ఈ ఆదర్శాన్ని బాగానే కదిలించింది. 2018లో లియా బెట్టి, ఆండ్రియా మనికా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రపంచంలోని 24 ప్రాంతాలకు చెందిన 348 మంది స్త్రీల అస్థిపంజరాలను కొలిచి, కాన్పు దారి ఆకారం ప్రాంతాన్ని బట్టి గణనీయంగా మారుతుందని చూపారు. ఆఫ్రికా సహారా దిగువ ప్రాంతాల స్త్రీలలో ఆ దారి ముందు వెనుకలుగా లోతైనది, అమెరికా ఆదివాసులలో అడ్డంగా వెడల్పైనది. ఈ తేడాలలో చాలా భాగం వలసల వల్ల యాదృచ్ఛికంగా ఏర్పడినవే. అందుకని ఒక ఆకారం సహజమైనది, తక్కినవి వికృతమైనవి అనడానికి ఆధారం లేదు. ఒక ఆకారపు దారిలో బిడ్డ తల తిరిగే తీరు వేరు, మరో ఆకారంలో తిరిగే తీరు వేరు. పుస్తకం ఒక తీరునే నేర్పితే రెండోది రోగంలా కనిపిస్తుంది.

దీనికంటే ఆశ్చర్యకరమైనది 2015లో బార్బరా ఫిషర్, ఫిలిప్ మిటెరోకర్ ప్రచురించిన ఫలితం. తల పెద్దదైన స్త్రీలలో కాన్పు దారి పెద్ద తలకు అనువైన ఆకారంలో ఉంటుందట. పొట్టి స్త్రీలలో కటి ద్వారం మరింత గుండ్రంగా ఉంటుందట. అంటే తల్లి శరీరంలోని ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య ప్రకృతి ఒక సర్దుబాటు చేసిపెట్టింది. బిడ్డ విషయంలోనూ అంతే. 1938లో వాల్టన్, హామండ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్తలు భారీ షైర్ గుర్రాలనూ బుల్లి షెట్లాండు గుర్రాలనూ సంకరం చేసి చూశారు. తల్లి షైరైతే పిల్ల పెద్దగానూ, తల్లి షెట్లాండైతే పిల్ల చిన్నగానూ పుట్టింది. తండ్రి ఎంత భారీ అయినా తల్లి కడుపు తన కొలతకు తగినట్టు పిల్లను అదుపు చేసింది. మనుషులలో ఈ అదుపు అంత కచ్చితం కాదు. మధుమేహం వంటివి దాన్ని తప్పిస్తాయి. అయినా మూలసూత్రం అదే: ఈ తల్లి దారిని ఈ తల్లి బిడ్డతోనే సరిచూడాలి. స్వాంగుళమన్న మాటలో ఉన్న ఆలోచన వేల సంవత్సరాల తరువాత, పూర్తిగా వేరే దారిలో, మళ్ళీ మన ముందుకు వచ్చింది.

మరి ఆసుపత్రులలో కొలతల సంగతి ఏమైంది? ఎక్స్-రేతో కటిని కొలవడం 20వ శతాబ్దం నడుమ మామూలైపోయింది. గర్భిణులకు తీసిన ఎక్స్-రేలకూ పిల్లల కాన్సర్లకూ సంబంధముందని 1956లో ఆలిస్ స్టూవర్ట్ బయటపెట్టాక ఆ జోరు క్రమంగా తగ్గింది. ఎక్స్-రే కొలతల మీద జరిగిన ప్రయోగాలను సమీక్షించిన 2017 నాటి కాక్రేన్ నివేదిక, కొలిపించుకున్న స్త్రీలకు సిజేరియన్లు ఎక్కువయ్యాయే గాని బిడ్డలకు స్పష్టమైన మేలు కనబడలేదని తేల్చింది. ఆరోగ్యవంతురాలైన గర్భిణి నొప్పులతో వచ్చినప్పుడు చేతితో కటిని కొలిచే పరీక్షను మామూలు పద్ధతిగా చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. కారణం చెప్పడం కష్టం కాదు. నొప్పుల వేళ కటి కీళ్ళు కొంత సడలుతాయి, బిడ్డ పుర్రె ఎముకలు ఒకదానిమీదికి ఒకటి ఒరుగుతాయి, తల్లి కూర్చున్న తీరును బట్టి దారి మారుతుంది. కదలని ఎముకను కొలిచిన అంకె కదిలే కాన్పును ముందుగా చెప్పలేకపోతోంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. దేశంలో ఇదే అత్యధికం. దేశపు సగటు 21.5. మన ప్రైవేటు ఆసుపత్రులలో అది 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. జనాభా స్థాయిలో ఈ రేటు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా కటి ఎముకలు ఇరుకైపోయాయని ఎవరూ అనలేరు. ముహూర్తాలు, నొప్పుల భయం, మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే అన్న ఆనవాయితీ, వైద్యుల వేళలు, కేసుల భయం, డబ్బు – ఇలా కారణాలు అనేకం. ఎముక వీటన్నిటికీ గౌరవప్రదమైన ముసుగుగా పనికివస్తోందని నా అనుమానం. ఎముక మీద పడిన మాటతో ఎవరూ వాదించరు కదా.

మా బంధువులమ్మాయి ఒకతె దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో ఇద్దరు బిడ్డలను కన్నది. రెండూ ఆపరేషన్లే. ఎముక చిన్నదని తొమ్మిదో నెల రాకముందే చెప్పారట. "ఏం కొలిచి చెప్పారమ్మా?" అని అడిగాను.

"గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు చూసిన్రు బాబాయ్. అంతే," అన్నది.

ఆమె ఎత్తు 148 సెంటీమీటర్లు. మొదటి బిడ్డ బరువు 2.7 కిలోలు. ఆమెకు ఆపరేషను అనవసరమని చెప్పే అర్హత నాకు లేదు. వైద్యులకు కనబడినవి నాకు కనబడవు. పొట్టి స్త్రీలకు కాన్పు అడ్డంపడే అవకాశం మొత్తం మీద కొంత ఎక్కువన్నదీ నిజమే. నన్ను కలచివేసినది మరో మాట. "మా చిన్నదానికి కూడా నా ఎముకే వచ్చుంటది బాబాయ్, దానికీ కోతలే," అని ఆమె నాలుగేళ్ళ కూతుర్ని చూపిస్తూ అన్నది. ఒక ఎత్తు కొలత నుంచి ఒక లోపం పుట్టింది, ఆ లోపం అప్పుడే వారసత్వమైపోయింది. ఆమె అమ్మమ్మ ఆమెకంటే పొట్టిది. ఆరుగురిని ఇంట్లోనే మంత్రసాని చేతుల మీదుగా కన్నది. ఇంటి కాన్పులను నేను పొగడటం లేదు. ఆ ఆరుగురిలో ఇద్దరు దక్కలేదు. కానీ ఆ ఇంటి స్త్రీల ఎముకలు పనికిరానివన్న మాటకు ఆ అమ్మమ్మ జీవితంలో ఆధారం లేదు.

నిజంగా దారి చాలనప్పుడు సిజేరియన్‌ను మించిన వరం లేదు. స్మెల్లీ కాలంలో ముక్కలైపోయిన బిడ్డలను తలచుకుంటే ఆ కత్తికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అయితే దారి చాలదన్నది చాలా సందర్భాలలో నొప్పులు వచ్చాక, సమయం ఇచ్చి, పక్కన నేర్పరి ఉండి చూస్తేనే తేలే విషయం. తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టడం ఆ దిశలో మంచి అడుగు. వేచిచూడటం కూడా ఒక విద్యే. దానికీ చదువు, ఓపిక, మనుషులు కావాలి.

అందుచేత మన ఇళ్ళలోని ఆడపిల్లలకు ఎవరైనా "ఎముక ఇరుకు" అని చెప్పినప్పుడు కోపం తెచ్చుకోకుండా, వినయంగానే మూడు ప్రశ్నలు అడగవచ్చునని నాకు తోస్తుంది. ఏమి కొలిచారు? దేనితో పోల్చారు? ఈ బిడ్డ తలతో సరిచూశారా? మంచి వైద్యులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. జవాబు చెప్పి, అవసరమైతే ఆపరేషను ఎందుకో కూడా వివరిస్తారు. కోచింగు సెంటర్లలో ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అని వల్లె వేస్తున్న పిల్లలు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు. మూడు ఎముకల పేర్లతో పాటు, ఆ పేర్ల పక్కన ఉన్న అంకెలు ఎవరివో కూడా వారికి ఎవరైనా చెబితే బాగుండును. మా బంధువులమ్మాయి కూతురు పెద్దదై కాన్పుకు వెళ్ళే నాటికి ఆమెను ఆమె వేలితోనే కొలిచే వైద్యులు వారిలోంచే రావాలి.